మూడో తరం ఈగలు

బెంగళూరు
14 జూన్ 1938

అక్కకు తమ్ముడు మునినారాయణ నమస్కారాలు.

నేను బాగున్నాను. కాలేజీలో పని దొరికింది. జంతుశాస్త్రం చెప్పే మా ప్రొఫెసరుగారికి సహాయకుడిని. ఏం పని అని బాగేపల్లిలో అమ్మ అడిగితే చెప్పడానికి నోరు రాలేదు. నువ్వయినా నవ్వకుండా చదువు. ఈగలు పెంచే పని.

ఇంట్లో ముసిరే ఈగలు కావు. బాగా మాగిన అరటిపండు మీద, బెల్లం కుండ చుట్టూ మూగే చిన్నవి. నువ్వు గింజంత ఉంటాయి, కళ్ళు ఎర్రగా ఉంటాయి. పాల సీసాల అడుగున అరటిపండు గుజ్జు పోసి, వాటిని వదిలి, మూతికి దూది పెడతాం. పది పన్నెండు రోజులకు ఒక తరం. మనుషుల్లో తాత నుంచి మనవడికి యాభై ఏళ్ళు పట్టేది వీటికి నెలలో అయిపోతుంది. తల్లిదండ్రుల గుణాలు పిల్లలకు ఎలా దిగుతాయో తెలుసుకోవాలని పైదేశాల్లో గొప్పగొప్పవాళ్ళు ఈ ఈగలనే పట్టుకుని కూర్చున్నారు.

పైకి అన్నీ ఒకటే ఈగలాగా కనబడతాయి గాని వీటిలో ఎన్నో జాతులున్నాయి. వీపు మీద వెంట్రుకలు ఎన్ని వరసలు, రెక్కలో ఈనెలు ఎలా పోయాయి, మగదాని ముందుకాలికి దువ్వెన పళ్ళలాంటి ముళ్ళున్నాయా లేవా అని భూతద్దం కింద చూసి వేరు చేయాలి. మన సీమలో ఏయే జాతులున్నాయో ఇంతవరకు ఎవరూ సరిగ్గా రాసిపెట్టలేదట. "మీ ఊళ్ళనుంచి తెప్పించవయ్యా" అన్నారు ప్రొఫెసరుగారు.

అందుకని నీకు ఈ శ్రమ. సీసాలో మాగిన అరటిపండు ముక్క వేసి మీ పెరట్లో ఒకటి, మామిడి తోటలో ఒకటి, మురుగమల్ల దర్గా దగ్గర మిఠాయి అంగళ్ళ పక్కన ఒకటి పెట్టించు. ఈగలు దూరాక దూది పెట్టి, బెల్లం వ్యాపారం చేసే వెంకటేశప్ప బెంగళూరు వచ్చేటప్పుడు అతని చేతికివ్వు. సీసా మీద ఊరి పేరు, తేదీ రాయాలి. మామకు నమస్కారాలు. మీ అమ్మాయి హనుమక్కను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
మునినారాయణ


బట్లహళ్ళి
3 జూలై 1938

చిరంజీవి మునికి అక్క యశోదమ్మ దీవెనలు.

నాలుగో తరగతి దాకా కన్నడ బడిలో నేర్చిన అక్షరాలతో తెలుగు రాస్తున్నాను. తప్పులుంటే నీ భూతద్దం పెట్టి వెతకొద్దు.

నీ జాబు మీ మామకు చదివి వినిపించాను. సంగటి ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయాడు. "గొర్రెలు మేపేటోణ్ణి చూస్తిమి, ఎనుములు మేపేటోణ్ణి చూస్తిమి. ఈగలు మేపేదానికి గూడా జీతం ఇస్తాండారా?" అన్నాడు. తర్వాత ఊరంతా తిరిగి ఆ మాటే గొప్పగా చెప్పుకున్నాడు. నిన్ను వెక్కిరిస్తాడే గాని, తన అక్క కొడుకు కాలేజీలో ఉన్నాడని ఆయనకు లోలోపల పొంగు. నాకు మొగుడైనా నీకు మేనమామే కదా, ఎక్కడికి పోతుంది.

సీసాల పనంతా హనుమక్కదే. మిట్టమధ్యాహ్నం ఎండలో పెరట్లో కూర్చుని ఒక్క ఈగ కూడా చావకుండా పట్టింది. మురుగమల్లకు మాత్రం మీ మామ పోయి తెచ్చాడు. పిల్లను అంత దూరం పంపను. అది పొద్దుగుంకేలోపల పనులన్నీ ముగించుకుని ఇంట్లోకి వచ్చేస్తుంది, అంత బుద్ధిమంతురాలు.

దానికి పదిహేను నిండాయి. తొట్లలో వేసిన రోజు అమ్మ నీ చేతనే దానికి నల్లగాజులు తొడిగించింది. నీకప్పుడు తొమ్మిదేళ్ళు, గాజు విరిగిందని ఏడ్చావు. ఇప్పుడు జీతం కూడా వచ్చింది కాబట్టి ఇక సాకులు లేవు. వచ్చే మాఘంలో మీ పెళ్ళి పెట్టుకుందామని మీ మామ అంటున్నాడు. నువ్వు ఊ అంటే చాలు.

ఈగలను జాగ్రత్తగా చూసుకో. తినడం మర్చిపోకు.

అక్క
యశోదమ్మ


బెంగళూరు
12 సెప్టెంబరు 1938

అక్కకు,

నీ సీసాలు చేరి రెండు నెలలు దాటింది. జవాబు రాయలేదని కోపం వద్దు. తల ఎత్తడానికి తీరిక లేదు. ఒక్కొక్క ఈగను మత్తు ఆవిరితో నిద్రపుచ్చి, తెల్లటి పింగాణీ పలక మీద పరిచి చూస్తూ కూర్చున్నాను. మీరు పంపినవాటిలో అయిదు జాతులు తేలాయి. మామిడి తోట సీసాలో ఒకటుంది, దాని రెక్క కొసలో మసిపూసినట్టు మచ్చ. అది ఏ పుస్తకంలోనూ లేదంటున్నారు ప్రొఫెసరుగారు. పేరు పెట్టాల్సి వస్తే బట్లహళ్ళి పేరు పెట్టమని అడుగుతాను.

అంతకన్నా వింత ఇంకొకటి. మీ పెరటి సీసాలో ఒక ఆడ ఈగను తీసి వేరే ఉంచాను. దాని పిల్లలన్నీ బాగున్నాయి, కళ్ళు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఆ అన్నాచెల్లెళ్ళనే జతలు కట్టి వేరు వేరు సీసాల్లో పెట్టాను. మూడో తరంలో, అంటే మనవల్లో, కొన్ని సీసాల్లో కళ్ళు లేని ఈగలు పుట్టాయి. అక్కా, తల ఉంది, మీసాలున్నాయి, కళ్ళు ఉండాల్సిన చోట నున్నగా ఉంది. నాలుగింట ఒకటి అలా వచ్చింది. నాలుగు రోజులు లెక్కపెట్టాను, లెక్క తప్పలేదు.

లోపం పెరట్లో పట్టిన ఈగలోనే దాగి ఉందన్నమాట. పైకి ఎవరికీ తెలియదు. ఒకే ఇంటివాటిని ఒకదానికొకటి ముడిపెట్టేసరికి బయటపడింది. మీ ఇంటి నుంచి ఇంత మంచి సంగతి దొరికిందని ప్రొఫెసరుగారు నా భుజం తట్టారు. ఎంతకాలం దాచినా మూడో తరంలో దాగదు అన్నారు.

మాఘం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఈ లెక్కలు ముగిసేదాకా నేను వేరే ఆలోచన పెట్టుకోలేను. హనుమక్కకు ఈ కళ్ళు లేని ఈగల కథ చెప్పు, నవ్వుతుంది.

మునినారాయణ


బట్లహళ్ళి
25 సెప్టెంబరు 1938

మునినారాయణకు,

నీకు ఎవరు చెప్పారు? వెంకటేశప్పేనా? వాడు సీసాల కోసం దీపాలు పెట్టే వేళకు మా ఇంటికి వచ్చాడు. హనుమక్క గడపలో చెంబు తన్నుకుని పడింది. అప్పుడే అనుకున్నాను, వీడు ఊరికే ఉండడని.

చెప్పదలిస్తే నేరుగా చెప్పరాదా. నీ కూతురికి పొద్దుగుంకితే కనబడదంట కదా, నాకు వద్దు అని ఒక్క ముక్క రాస్తే ఏడ్చి ఊరుకునేదాన్ని. కళ్ళు లేని ఈగలంట, మీ ఇంటి పెరట్లోవంట, ఎంతకాలం దాచినా దాగదంట, దానికే చదివి చెప్పాలంట, అది నవ్వాలంట. చదువుకున్నవాళ్ళు ఇలాగేనా అక్కను చెప్పుతో కొట్టేది.

అవును, దాచాను. రెండేళ్ళయింది. మొదట చీకట్లో తడుముకునేది. ఇప్పుడు పొద్దు వాలితే చాలు, గోడ పట్టుకుని నడుస్తుంది. పగలు బాగానే చూస్తుంది గాని పక్కనుంచి వచ్చే మనిషి తెలియడం లేదు. అమ్మకు చెప్పలేదు, నీకు చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? ఆడపిల్లను తమ్ముడికిచ్చేది ఎందుకో నీకు తెలియదా? కుంటిదైనా గుడ్డిదైనా అక్క కూతుర్ని మేనమామ వాకిట్లో నిలబెట్టడు. ఆ ఒక్క ధైర్యంతోనే ఈ రెండేళ్ళు అన్నం తిన్నాను.

నీకు ఇష్టం లేకపోతే రాయి. ఈగల పేరు చెప్పి రాయొద్దు.

యశోదమ్మ


బెంగళూరు
29 సెప్టెంబరు 1938

అక్కా,

అమ్మ మీద ఒట్టు, నాకు ఏమీ తెలియదు. వెంకటేశప్ప నాతో సీసాల గురించి తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. నేను రాసింది ఈగల గురించే. చూసింది చూసినట్టు సంబరంగా రాశాను. నీ జాబు చదివి నా జాబు నకలు తీసి చూసుకున్నాను. నువ్వు అలా అనుకోవడంలో తప్పు లేదు.

ముందు పిల్లను తీసుకుని రండి. ఇక్కడ కంటి ఆస్పత్రిలో చూపిద్దాం. తిండిలో సారం లేక వచ్చే రేచీకటి అయితే మందుంటుంది, నయమవుతుంది. చింతామణిలో పొద్దున చిన్న రైలు ఎక్కితే నేను స్టేషనులో ఉంటాను.

ఇంకొకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. అమ్మను కన్న మన బయ్యప్ప తాతకు చూపు ఎందుకు పోయింది?

మునినారాయణ


బట్లహళ్ళి
20 నవంబరు 1938

మునికి,

క్షేమంగా చేరాం. నీమీద నోరు పారేసుకున్నందుకు ఏమీ అనుకోకు.

పెద్ద డాక్టరు దాని కంట్లో అద్దంతో వెలుతురు వేసి చూసి నీతో ఇంగ్లీషులో మాట్లాడాడు. నువ్వు మాకు "మందులు వాడాల" అని మాత్రం చెప్పావు. నీ మొహం చూస్తే అంతకు మించి ఏదో ఉందనిపించింది. ఆ మందుతోబాటు ఆదివారం ఆదివారం మేక కాలేయం కాల్చి పెడుతున్నాను. ఇంకా గుణం కనబడలేదు.

తాత సంగతి అడిగావు. అందరికీ తెలిసిందే, బెల్లం పొయ్యి పొగకు పోయింది. నలభై దాటేసరికి పూర్తిగా పోయింది. కాని మీ మామ ఇంకొకటి అన్నాడు. "పెండ్లికి ముందునుంచే మా నాయన రాత్రిపూట బయటికి పోతాండ్లేదంట" అన్నాడు. అమ్మకు కూడా ఆ మాట తెలుసంట.

హనుమక్కకు బెంగళూరులో నచ్చింది నీ ఈగలు ఒక్కటే. పగటి వెలుతురులో కిటికీ దగ్గర భూతద్దం గొట్టంలోనుంచి కళ్ళు లేని ఈగను చూపించావు కదా, వచ్చినప్పటినుంచి అదే మాట. "అమ్మా, వాటిని పారేయరంట. వేరే సీసాలో పెట్టి మామ శానా బాగా చూసుకుంటాండాడు" అని పక్కింటివాళ్ళకు కూడా చెప్పింది. వాటిని పారేస్తారా అని, నిన్ను అడిగింది కూడా అదొక్కటేనంట కదా.

ఇప్పుడు నీకు అన్నీ తెలుసు. నా గుండె మీద బరువు దిగింది. మాఘంలో మంచి రోజులున్నాయి.

అక్క


బెంగళూరు
5 డిసెంబరు 1938

అక్కకు,

ఈ జాబు నాలుగుసార్లు రాసి చించాను. మామకు వినిపించే ముందు నువ్వు ఒక్కదానివే చదువు.

హనుమక్క కళ్ళకు మందు లేదు. ఆ రోజు డాక్టరు చెప్పింది అదే. చూపు పక్కలనుంచి తరుగుతూ వచ్చి, ఇరవై అయిదు ముప్పై ఏళ్ళు వచ్చేసరికి నడిమధ్య మిగిలిన చూపు కూడా పోతుంది. తాతది పొగ కాదు. ఇదే.

మనిషికి ప్రతి గుణమూ రెండు పాళ్ళుగా వస్తుంది, తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి. ఒక్క పాలు చెడితే ఏమీ కాదు, రెండోది కాపాడుతుంది. తాతలో రెండూ చెడ్డవే. కాబట్టి అమ్మకు ఒకటి, మామకు ఒకటి తప్పక దిగాయి. ఇద్దరి కళ్ళూ బాగున్నాయి. అమ్మనుంచి నీకు దిగింది, నీ కళ్ళూ బాగున్నాయి. నిన్ను మామకు ఇచ్చారు. దాగినవి రెండూ పిల్లలో కలిశాయి. నీ తప్పు లేదు, మామ తప్పు లేదు. పెరటి సీసాలో జరిగింది మన ఇంట్లో జరిగింది, అంతే.

నాకు అమ్మనుంచి దిగిందా లేదా తెలియదు. సగానికి సగం. దిగి ఉంటే, నేను హనుమక్కను చేసుకుంటే, మా పిల్లల్లో సగం మంది దానిలాగే అవుతారు. ఈగనైతే నెలలో పరీక్ష చేసి చెప్పగలను. నాకు పరీక్ష ఒక్కటే, బిడ్డల్ని కని పదేళ్ళు కాచుకోవడం. అది నాచేత కాదు. మనకు ఏ చుట్టరికమూ లేని ఇంటికి ఇస్తే దాని పిల్లలకు చూపు పోదు. ఆ ఇంట్లో కూడా ఇదే దాగి ఉండడం బహు అరుదు. బయటికి ఇవ్వండి. కాని ఉన్నది ఉన్నట్టు చెప్పి ఇవ్వండి.

నిజం చెప్పాలంటే ఇది లెక్క ఒక్కటే కాదు. ఆస్పత్రి మెట్లు దిగుతూ అది నా చెయ్యి పట్టుకుంటే, జీవితమంతా ఇలాగే అని నాకు భయం వేసింది. అది కూడా నీకు తెలియాలి.

ఇంకొక అబద్ధం. కళ్ళు లేని ఈగల్లో కొన్నిటినే ఉంచుతాం. మిగతావాటిని లెక్కపెట్టి నూనె గిన్నెలో వేస్తాం. పిల్ల అడిగితే చెప్పలేకపోయాను.

మునినారాయణ


బట్లహళ్ళి
10 జనవరి 1939

మునినారాయణకు,

మీ మామకు చదివి వినిపించాను. ఆయన లేచి పోయి ఎనుములకు గడ్డి వేసి వచ్చాడు. తర్వాత, "మా నాయన రక్తం చెడ్డదంటాండాడు. ఆ రక్తం కాదా వాని ఒంట్లో ఉండేది?" అన్నాడు. నీ పేరు మళ్ళీ ఎత్తలేదు.

నేను నీ జాబు ఇంకో రెండుసార్లు చదివాను. పాళ్ళ లెక్క అర్థమైంది. నువ్వు తెలివైనవాడివి, తప్పు చెప్పవు. మాకు హనుమక్క కాక ఇంకో ముగ్గురు పుట్టి పోయారు. ఉన్న ఒక్కదాన్ని నువ్వు లెక్క కట్టి చూపించావు.

నువ్వు చెప్పినట్టే బయట చూశాం. తొండేభావి దగ్గర పల్లెలో సీనప్ప అని, భూమి ఉంది, మంచి మనిషిలాగే ఉన్నాడు. మూడు తరాలు వెనక్కి పోయినా మనకూ వాళ్ళకూ చుట్టరికం లేదు. మాఘంలోనే పెళ్ళి. చెప్పి చెయ్యమన్నావు. చెబితే ఎవరు చేసుకుంటారు? తెలిసినవాడివి, నువ్వే చేసుకోలేదు.

ముహూర్తం గోధూళి వేళకు పడింది. పురోహితుడిని ఎంత అడిగినా మార్చలేదు. ఆ మసక వెలుతురులో దానికి పీట కనబడదు. పెళ్ళికూతుర్ని మేనమామ ఎత్తుకొచ్చి పీట మీద కూర్చోబెట్టే పద్ధతి ఉండబట్టి బతికాం. దానికి మేనమామవు నువ్వొక్కడివే. నువ్వు రావాలి. రాకపోతే సొంత మేనమామ ఎందుకు రాలేదని వాళ్ళకు అనుమానం వస్తుంది. ఇన్ని అన్నావు, ఈ ఒక్క పని చెయ్యి.

యశోదమ్మ


బెంగళూరు
20 ఫిబ్రవరి 1939

అక్కకు,

పెళ్ళిలో నీతో మాట్లాడడానికి వీలు కాలేదు. నువ్వూ నా వైపు చూడలేదు. అందుకని రాస్తున్నాను.

లోపలి గదిలోనుంచి ఎత్తుకుని వచ్చేటప్పుడు హనుమక్క నా చెవి దగ్గర, "మామా, పీట దాకా ఎన్ని అడుగులు?" అని అడిగింది. ఎందుకని అడిగితే, "లేచి నడిచేటప్పుడు కావల్ల" అంది. పెళ్ళిపందిట్లో అందరూ నవ్వుతుంటే అది లెక్కపెట్టుకుంటూ ఉంది. పద్దెనిమిది అని చెప్పాను.

తాళి కట్టకముందు పెళ్ళికొడుకు తల్లి లక్ష్మీనరసమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఏమప్పా, పిల్ల నిన్ను చేసుకోవల్సిందంట గదా. కాదంటివంట. ఏమన్నా లోపముండాదా? చదువుకున్నోనివి, అబద్ధం చెప్పవని అడుగుతాండా" అంది. ఆమె అడిగిన తీరులో దురుసు లేదు. నేను చెప్పి ఉండవచ్చు. పందిరి, పీట మీద పిల్ల, స్తంభం పక్కన నువ్వు నా నోటి వైపే చూడడం, అన్నీ కనబడ్డాయి. "బాగుండాదమ్మా. నాకు చదువు అడ్డం, అంతే" అన్నాను.

ఉన్నది చెప్పి చెయ్యమని నీకు నీతి రాసినవాణ్ణి నేనే. నిన్ను తప్పుపట్టే హక్కు ఇక నాకు లేదు. త్వరలో మీ అల్లుడికైనా నెమ్మదిగా చెప్పించు.

మునినారాయణ


బట్లహళ్ళి
8 ఆగస్టు 1940

మునికి,

చాలా రోజులకు రాస్తున్నాను. హనుమక్కకు కొడుకు పుట్టాడు, పోయిన నెల ఇరవై రెండున. పురిటికి ఇక్కడికే వచ్చింది. తల్లీ బిడ్డా బాగున్నారు. సీనప్ప వచ్చి చూసి పోయాడు. బిడ్డకు వాళ్ళ తాత పేరు రామాంజినప్ప అని పెడతారంట.

అత్తగారింట్లో ఎలా నెట్టుకొస్తున్నావు అని అడిగాను. గడపనుంచి బావికి ముప్పై ఒకటి, వంటింటినుంచి దొడ్డికి పద్నాలుగు, అన్నీ లెక్కంట. దీపం పెట్టకముందే వంట చేసేస్తుందంట. "మా కోడలు శానా చురుకు, పొద్దుండగానే అన్నీ చేసేస్తాది" అని అత్త మెచ్చుకుంటుందంట. మొగుడికి చెప్పావా అంటే తల తిప్పుకుంది.

చూపు ఇంకా తగ్గింది. మధ్యాహ్నం పూట బిడ్డను వాకిట్లోకి తెచ్చి, ఎండ మొహం మీద పడకుండా కొంగు అడ్డం పెట్టి, దగ్గరగా పెట్టుకుని చూస్తుంది. ముక్కు ఒకసారి, చెవి ఒకసారి. మొత్తం మొహం ఒక్కసారిగా కనబడదంట. మీ మామ అది చూసి లోపలికి పోయాడు.

నీ జాబులు రాకపోతే దిగులుగా ఉంటుంది. రాస్తూ ఉండు.

అక్క


బెంగళూరు
15 ఆగస్టు 1940

అక్కకు,

ఈ రెండేళ్ళలో నాకు అందిన మంచి మాట ఇదొక్కటే. బిడ్డ గురించి దిగులు పడకు. వాడికి తల్లినుంచి ఒక చెడ్డ పాలు తప్పక వస్తుంది, తండ్రినుంచి మంచిది వస్తుంది. వాడి కళ్ళకు ఏమీ కాదు. పెద్దయ్యాక చుట్టరికంలో మాత్రం పెళ్ళి చేయకండి. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మిగతావన్నీ మర్చిపోయినా పరవాలేదు.

ఇప్పుడు కొడుకు పుట్టాడు కాబట్టి మీ అల్లుడికి చెప్పే సమయం ఇదే. మొదటి కొడుకు తల్లిని ఎవరూ ఏమీ అనరు. కావాలంటే నేను వచ్చి చెబుతాను. డాక్టరు రాసిచ్చిన కాగితం నా దగ్గర ఉంది.

యుద్ధం వచ్చాక సీసాలకూ మందులకూ కరువైంది. సగం ఈగలను వదిలేశాం. మామకు నమస్కారాలు, ఆయన తీసుకున్నా తీసుకోకపోయినా.

మునినారాయణ


బట్లహళ్ళి
17 మే 1942

మునినారాయణకు,

హనుమక్క మా ఇంట్లో ఉంది. వచ్చి తొమ్మిది రోజులైంది. ఎలా జరిగిందో రాస్తాను.

చెప్పమని నువ్వు రాసిన జాబు నేను దాచిపెట్టాను. వద్దంది అది. కొంచెం పెద్దవాడు కానీ, నడక రానీ, అని వాయిదా వేస్తూ వచ్చింది. నేను కూడా సరే అన్నాను.

పోయిన నెలలో వాళ్ళు వాకిట్లో నేలలోపలి రాగుల పాతర తెరిచారు. లోపలి గాలి చెడ్డది కాబట్టి ఆ రోజంతా పైబండ తీసి వదిలేశారు. మరుసటి రోజు దిగి రాగులు తీయాలి. ఇంట్లోవాళ్ళందరికీ కనబడుతూనే ఉంది కదా, పక్కనుంచి పోతున్నారు. తెరవకముందే పొలానికి పోయిన ఇది పొద్దుగుంకే వేళకు బిడ్డను చంకనెత్తుకుని వచ్చింది. వాకిట్లో దాని లెక్క దానికుంది. ఆ లెక్కలో పాతర లేదు. ఇద్దరూ పడ్డారు.

బిడ్డను పైకి పట్టుకుని పడిందంట. వాడికి చిన్న గీత కూడా పడలేదు. సీనప్ప వెంటనే తాడు పట్టుకుని దిగి ఇద్దరినీ తీశాడు. దీని మోచెయ్యి విరిగింది. చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి బొగ్గుతో నడిచే బస్సులో తీసుకుపోయారు. ఎముక కట్టిన డాక్టరు, ఇంత పెద్ద గుంత ఎలా కనబడలేదమ్మా అని కళ్ళు చూశాడు. పుట్టుకనుంచి ఉన్న జబ్బు, నయం కాదు అని సీనప్పకు కన్నడంలో చెప్పాడు. అంతే.

లక్ష్మీనరసమ్మ తనే వెంటబెట్టుకుని వచ్చి దింపింది. అరవలేదు, తిట్టలేదు. అరిస్తే బాగుండేది. మీ మామ కాళ్ళు కడుక్కోమని నీళ్ళిస్తే తీసుకోలేదు. "మేనమామనే అడిగితినమ్మా. చదువుకున్నోడు, బాగుండాదనె. నేను ఇంగెవరిని అడగల్ల?" అంది. బిడ్డ ఏడి అని మేం అడగకముందే చెప్పింది. "పిల్లోణ్ణి ఈయం. వానికి చూపు బాగుండాది. పొద్దుగుంకినాక దూరంగా వక్క పెట్టి చూస్తిమి, పోయి ఎత్తుకొచ్చె. కనపడని తల్లి చేతికి ఎట్ల ఇస్తుము? మళ్ళా యాడన్నా పడేస్తాది." మీ మామ ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన అలా నిలబడడం నేను ఎప్పుడూ చూడలేదు. సీనప్ప బస్సు దగ్గరే ఉండిపోయాడంట, ఊళ్ళోకి రాలేదు.

నీ లెక్క సరిగ్గా వచ్చింది. వాడికి కళ్ళు బాగున్నాయి. బాగున్నాయి కాబట్టే వాళ్ళు ఉంచుకున్నారు. నువ్వు చేసుకుని ఉంటే బిడ్డలు ఎలా పుట్టేవాళ్ళో నాకు తెలియదు. కాని అది నీ ఇంట్లో ఉండేది. ఈ మాట నేను నాలుగేళ్ళుగా మింగుతున్నాను, ఈ రోజు రాసేశాను. నిన్ను తిట్టాలనే కూర్చున్నాను, ఇప్పుడు ఎవరిని తిట్టాలో తెలియడం లేదు. దాచింది నేను. అబద్ధమాడింది నువ్వు. పడింది అది.

మీ మామ తాలూకా అమల్దారు కచేరీకి పోయి అర్జీ పెడతానంటున్నాడు. బిడ్డ తండ్రిది అంటారు, నాకు తెలుసు. నువ్వు బయలుదేరి రావద్దు. నిన్ను చూసి ఏం మాట్లాడాలో మాకెవరికీ తెలియదు.

అది ఏడవడం లేదు. చేతికి కట్టుతో పగలంతా అరుగు మీద కూర్చుంటుంది. నిన్న నీకు జాబు రాస్తున్నానంటే, ఏమైనా చెప్పమంటావా అని అడిగాను. లేదంటుందనుకుని నేను లేచాను. అప్పుడు చెప్పింది. అన్నది అన్నట్టు రాస్తున్నాను.

"నాకు వాడు సరిగ్గా కనపడకపోయినా, వానికి నేను కనపడతాంటి. యాడున్నా చూసి పరిగెత్తి వస్తాండె. అది చెప్పు మామకు."

యశోదమ్మ